ఎండ, బోరునీళ్లు, నూలుబట్ట

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఒంటి పోషణకు ఏ అలవాటు చేసుకున్నా ఎండను, పొడిగాలిని, నీటిని లెక్కలోకి తీసుకోక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు. కొన్ని రోజులు 44, 45 దాకా పోతుంది. మధ్యాహ్నానికి గాలిలో తేమ 30 శాతం చుట్టుపక్కలకు పడిపోతుంది. కడపను మూడు వైపులా నల్లమల, పాలకొండలు చుట్టి ఉండడంతో రాత్రయినా వేడి తొందరగా దిగదు. ఏడాదంతా కలిపి కురిసేది సుమారు 700 మి.మీ. వాన. తుంగభద్ర నీళ్లో పెన్న నీళ్లో అందని ఊళ్లలో బోరే దిక్కు, ఆ బోరు ఎంత లోతుకు పోతే నీళ్లలో అంత ఉప్పు.

సౌందర్య సలహాల్లో ఎక్కువ భాగం వేరే వాతావరణాల్లో పుట్టినవి. జిడ్డు వదిలించడం, రంధ్రాలు తెరిపించడం, వారానికి మూడుసార్లు ముఖం రుద్దడం లాంటివి తేమగాలి వీచే కోస్తాలో కొందరికి పనికొస్తాయేమో గానీ, ఆదోనిలోనో జమ్మలమడుగులోనో చాలామందికి చేటే చేస్తాయి. ఈ నేలమీద చర్మానికీ జుట్టుకూ ముందు కావలసింది ఉన్న తేమ పోకుండా చూసుకోవడం. పైపూతల సంగతి ఆ తర్వాత. డబ్బు ఖర్చు పెట్టే వరస కూడా దీన్నిబట్టే మారాలి: గొడుగు, కడిగే నీళ్లు, నూనె, నూలుబట్ట ముందు, సీసాలు, డబ్బాలు చివర.

స్నానం

సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, వచ్చినా నిలవదు. బోరునీళ్లను పట్టించే మొదటి గుర్తు ఇదే. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి నీటిలో కరగని తెట్టెగా మారతాయి. బకెట్టు లోపలి అంచున చుట్టూ కట్టే బూడిదరంగు గీత ఆ తెట్టెదే. అదే ఒంటిమీదా వెంట్రుకలమీదా సన్నటి పొరగా మిగులుతుంది. తుడుచుకున్న అరగంటకు ముంజేతిమీద గోరుతో గీస్తే తెల్లగీత పడడం, చర్మం బిగబట్టినట్టు ఉండడం, ఎంత స్నానం చేసినా ఒళ్లు దురద పెట్టడం చాలావరకు దీని పనే.

ఇంటి నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. రెండు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు తీసుకుని ఒకదానిలో మూడో వంతు బోరునీళ్లు, ఇంకోదానిలో అంతే మినరల్ వాటర్ క్యాను నీళ్లు పోయాలి. రెండింటిలోనూ గోరంత ఒంటిసబ్బు ముక్క తుంచి వేసి, మూత బిగించి, పది అంకెలు లెక్కపెట్టేదాకా గట్టిగా కుదపాలి. క్యాను నీళ్ల సీసాలో పైన దట్టంగా నురగ నిలిచి, కింద నీరు కాస్త తేటగా ఉంటుంది. బోరునీళ్ల సీసాలో నురగ పలచగా లేచి క్షణాల్లో అణిగిపోయి, నీరు విరిగిన పాలలా కనిపిస్తే అది కఠినజలం. తాగేనీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదనీ, వేరే దిక్కు లేనిచోట 600 వరకు ఒప్పుకోవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. స్నానపు నీళ్ల గురించి ఎవరూ లెక్క కట్టరు, తెట్టె కట్టేది మాత్రం అక్కడే.

నీళ్లు కాస్తే ఆ కాఠిన్యంలో కొంత విరిగి కిందకు దిగుతుంది. వాటర్ హీటరు కడ్డీకి పట్టే తెల్లటి సున్నంపొర అదే. మొత్తం పోవాలంటే యంత్రం కావాలి, అది అందరికీ అయ్యే ఖర్చు కాదు. ఇంతకంటే తేలికైన మార్గం స్నానం చివరి రెండు చెంబులు మార్చడం. ఒళ్లంతా బోరునీళ్లతోనే కడుక్కుని, ఆఖరున ముఖానికీ తలకూ మున్సిపల్ కుళాయి నీళ్లో క్యాను నీళ్లో పోసుకుంటే తెట్టె చాలావరకు జారిపోతుంది. ఇంట్లో ఆర్వో యంత్రం ఉన్నవాళ్లు అది బయటకు వదిలే వృథానీటిని ఇందుకు వాడకూడదు. శుద్ధి చేసిన నీళ్లలోంచి తీసిన లవణమంతా చేరేది ఆ వృథానీటిలోకే. బండలు తుడవడానికైతే అది భేషుగ్గా పనికొస్తుంది.

సబ్బు కొనేటప్పుడు వాసనకంటే కాగితంమీద చిన్న అక్షరాల్లో ఉన్న టీఎఫ్ఎం శాతం ముఖ్యం. సబ్బులో అసలు కొవ్వు పదార్థం ఎంతో ఆ అంకె చెబుతుంది. 76 శాతం, ఆపైన ఉంటే మొదటి గ్రేడు, 70 నుంచి రెండోది, 60 నుంచి మూడోది. ‘బాతింగ్ బార్’ అని మాత్రమే రాసి ఉన్నవి ఈ గ్రేడుల్లోకి రావు, వాటిలో 40 శాతం ఉన్నా చాలు. పొడిచర్మానికి సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు, మట్టి అంటిన చోటుకు చాలు. చేతులూ కాళ్లూ వీపూ రోజూ సబ్బు పెట్టి తోమవలసినంత మురికిగా ఉండవు, సుద్దగనిలోనో నాపరాళ్ల పాలిష్ మిషను దగ్గరో పనిచేసేవాళ్లకు తప్ప.

సున్నిపిండి ఈ నీళ్లకు సబ్బుకంటే నయం, ఎందుకంటే దానితో తెట్టె కట్టదు. పెసలు, శెనగపప్పు, కాస్త కస్తూరిపసుపు కలిపి పట్టించిన పిండిని పలచటి గుడ్డలో జల్లించి వాడాలి. గరుకుగా మిగిలిన రవ్వ చర్మాన్ని గీరుతుంది. ఎండాకాలంలో నీళ్లకు బదులు పెరుగులోనో మీగడలోనో కలిపితే ఒళ్లు ఎండిపోదు. వంటపసుపు ముఖానికి వాడేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: కళ్లు చెదిరేంత పచ్చగా మెరిసే పసుపులో సీసపు రంగు కలిపే కల్తీ ఉంది. మైదుకూరు చుట్టుపక్కల పండే పసుపు కొమ్ములు తెచ్చి ఇంట్లో దంచుకునే వీలున్న చోట పొట్లం పసుపు కొనడం దండగ.

స్నానం అయ్యాక మొదటి మూడు నాలుగు నిమిషాలే అసలు సమయం. ఒళ్లు పూర్తిగా తుడిచి ఆరబెట్టక ముందే, చెమ్మగా ఉండగానే నాలుగు చుక్కల నూనె అరచేతుల్లో రాసుకుని ఒంటికి పట్టిస్తే ఆ చెమ్మ లోపలే నిలుస్తుంది. ఆరిన చర్మానికి నూనె పూస్తే జిడ్డు తప్ప లాభం తక్కువ. కర్నూలు, నంద్యాల నల్లరేగడి పొలాల్లో పండే పొద్దుతిరుగుడు నూనె ఇందుకు మంచి ఎంపిక. అందులోని లినోలిక్ ఆమ్లం చర్మపు పైపొరకు బలమిస్తుంది. కొబ్బరినూనె, నువ్వులనూనె కూడా సరే. ఆవనూనె మాత్రం కొందరి చర్మాన్ని మండిస్తుంది.

తల

కుంకుడుకాయ, సీకాయ మీద ఈ సీమ జనానికి ఉన్న నమ్మకం వట్టి పాతవాసన కాదు. వాటిలో నురగనిచ్చేది సపోనిన్. అది సబ్బులా కాల్షియంతో కలిసి తెట్టె కట్టదు. పైగా సబ్బునీళ్ల పీహెచ్ 9, 10 దాకా ఉంటే కుంకుడు రసం ఆమ్లం వైపే ఉంటుంది. వెంట్రుకపైని పొలుసులు మూసుకుని నున్నగా ఉండడానికి అదే మేలు. పది కుంకుడుకాయలు గింజ తీసి రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడగట్టుకోవాలి. వడగట్టడం మానేస్తే తలలో పిప్పి మిగిలి రోజంతా దులుపుకోవలసి వస్తుంది. కంట్లో పడితే మంట మాట చిన్నప్పుడు తలంటు పోయించుకున్న వాళ్లెవరికీ చెప్పనక్కర్లేదు. తీరిక లేనివాళ్లకు షాంపూ తప్పేమీ కాదు, అదీ గట్టినీటిలో తెట్టె కట్టదు. బోరునీళ్లతో వెంట్రుకలు పీచులా అయినవాళ్లు చివరి చెంబు నీళ్లలో అరచెక్క నిమ్మరసం పిండి పోసుకుంటే అంటుకున్న సున్నం కొంత కరుగుతుంది. తలలో పుండ్లున్నప్పుడు ఈ పని వద్దు.

తలకు ఏ నూనె రాయాలన్న వాదం ఇళ్లలో ఎప్పుడూ ఉండేదే. 2003లో ఆర్తీ రేలే, ఆర్.బి. మొహిలే ప్రచురించిన పరిశోధన ఇందులో కొంత తేల్చింది. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ వెంట్రుకలకు పట్టించి చూస్తే, కడిగేటప్పుడూ దువ్వేటప్పుడూ పోయే ప్రోటీన్‌ను తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. దాని అణువులు చిన్నవి, తిన్నగా ఉంటాయి, వెంట్రుక లోపలికి దిగగలవు. అంటే ఒంటికి పొద్దుతిరుగుడు నూనె, తలకు కొబ్బరినూనె అన్న పంపకం చక్కగా సరిపోతుంది. తలంటుకు ముందు రాత్రో, రెండు గంటల ముందో రాస్తే చాలు. తలంటాక మళ్లీ నూనె దట్టించి రోడ్డెక్కితే ఎర్రదుమ్మంతా నెత్తిమీదే చేరుతుంది.

చుండ్రుకు నూనె మందనుకోవడం పొరపాటు. చుండ్రుకు కారణమయ్యే శిలీంధ్రం కొవ్వును తినే బతుకుతుంది. అది ఉన్నన్నాళ్లు మాడుకు నూనె తగ్గించి, కీటోకొనజోల్ ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు నాలుగు వారాలు వాడి చూడాలి. షాంపూ పెట్టగానే కడిగేయకుండా ఐదు నిమిషాలు ఉంచితేనే పని చేస్తుంది.

రోజుకు యాభై నుంచి నూరు వెంట్రుకలు రాలడం సహజం. అంతకు మించి కుచ్చులుగా వస్తుంటే నూనెలు మార్చడం మానేసి రక్తపరీక్ష చేయించుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. జుట్టు రాలడానికీ, ముఖం పాలిపోవడానికీ ఇనుము లోపం ఒక పెద్ద కారణం. రాగిసంగటి మంచి తిండే, సున్నం దండిగా ఉంటుంది, కానీ ఇనుము కోసం దానిమీదే ఆధారపడితే చాలదు. ఆకుకూర పప్పు, అలసందలు, మాంసం తినేవాళ్లకు మాంసం, వాటితోపాటు నిమ్మకాయో ఉసిరికాయో ఉండాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గట్టిగా లాగి వేసే జడ కూడా కణతల దగ్గర జుట్టును పలచన చేస్తుంది. బడిపిల్లల రెండు జడల విషయంలో తల్లులు కాస్త చెయ్యి సడలిస్తే మేలు.

మగవాళ్ల గడ్డం, మీసం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. చెమ్మగా ఉన్నప్పుడు, వెంట్రుక మొలిచిన దిక్కుగానే గీయాలి. ఎదురు గీస్తే మెడకింద గుల్లలు లేస్తాయి. క్షౌరశాలలో ప్రతి మనిషికీ కొత్త బ్లేడు వేయించుకోవడం మొహమాటపడవలసిన విషయం కాదు, పాతబ్లేడుతో హెపటైటిస్ సోకుతుంది. అందరికీ ఒకే పటికబిళ్ల రుద్దడమూ అంతే. ఇక మీసం. 1999లో వచ్చిన ‘సమరసింహా రెడ్డి’ నుంచి సినిమాలు తెల్లచొక్కానూ మెలితిప్పిన మీసాన్నీ ఈ సీమకు యూనిఫారంలా తగిలించాయి. కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర ఒక గంట నిలబడి చూస్తే ఆ వేషం ఎంత తక్కువమందికి ఉందో తెలుస్తుంది. పైపెదవి సన్నగా ఉన్నవాళ్లకు ఒత్తుమీసం ముఖాన్ని మింగేస్తుంది, అలాంటివాళ్లకు కత్తిరించిన మీసమే నప్పుతుంది.

ఎండలో ముఖం

పగలు పది నుంచి నాలుగు వరకు ముఖాన్ని కాపాడేది ముందు నీడ, తర్వాత గుడ్డ, ఆ తర్వాత క్రీము. నల్లటి గుడ్డగొడుగు పైనుంచి పడే అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపుతుంది. సిమెంటు రోడ్డు, తెల్లగోడ, నాపరాయి పరిచిన ముంగిలి కిందినుంచి తిప్పికొట్టే కాంతిని మాత్రం ఆపలేదు. అందుకే గొడుగున్నా గడ్డం కింద, ముక్కు కింద నల్లబడుతుంది. పొలానికి పోయేవాళ్లు తలకు చుట్టుకునే తువ్వాలు ముఖంమీదికి ఒక జానెడు ముందుకు వాలేలా కట్టుకుంటే ఖర్చులేని రక్ష. బండిమీద వెళ్లే ఆడపిల్లలు ముఖానికి చుట్టే చున్నీ నూలుదైతే మంచిది, పాలిస్టర్‌ది చెమటతో మొటిమలు తెస్తుంది.

సన్‌స్క్రీన్ కొనేవాళ్లకు ఎస్‌పీఎఫ్ 30 చాలు. అది చర్మాన్ని మాడ్చే యూవీబీ కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది. 50కి పోతే ఒక శాతమే ఎక్కువ, ధర మాత్రం అంతకంటే చాలా ఎక్కువ పెరుగుతుంది. యూవీఏ కోసం పీఏ పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు ఉండాలి. బస్సు కిటికీ అద్దంలోంచి కూడా వచ్చేవి ఈ కిరణాలే. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత రాయాలి. శెనగగింజంత రాసుకుని పని చేయలేదనడం క్రీము తప్పు కాదు. ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మంగుమచ్చలున్న వాళ్లకు రంగు కలిపిన సన్‌స్క్రీన్ ఎక్కువ ఉపయోగం, అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుగును కూడా అడ్డుకుంటుంది.

తెలుపు గురించి ఇక్కడే చెప్పుకోవాలి. 1975లో మార్కెట్లోకి వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసింది, పెళ్లిచూపుల మాటల్లోంచి అది ఇంకా పోలేదు. నల్లటి చర్మంలో ఎక్కువగా ఉండే మెలనిన్ ఈ ఎండలకు ప్రకృతి ఇచ్చిన గొడుగు. దాన్ని తగ్గించాలనే తాపత్రయంలో జరిగే అసలు నష్టం మందుల షాపులో వంద రూపాయల లోపే దొరికే ట్యూబులతో వస్తోంది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్లు కలిసిన ఆ పూతలు రాసిన పది రోజులకే ముఖం తేటబడినట్టు అనిపిస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రనరాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే ముఖం మండిపోతుంది, మళ్లీ రాస్తేనే ఊరట. ఇలా ఆ ట్యూబుకు బానిసలైనవాళ్లు ఎందరో. 2018లో కేంద్రప్రభుత్వం ఇలాంటి అనేక స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి తెచ్చింది. ట్యూబుమీద ‘సోన్’, ‘సాల్’ అని ముగిసే మందు పేరుంటే చర్మవైద్యుడు చెబితే తప్ప ముఖానికి రాయకూడదు. తయారీ వివరాలే లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉండే ప్రమాదం వేరే ఉంది, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది.

పళ్లు, పెదవులు, పాదాలు

సీమలో కొన్ని ఊళ్ల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము మంచిది, 1.5 మించకూడదు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఆ నీళ్లు తాగితే లోపల తయారవుతున్న పళ్లమీద సుద్దమచ్చలో గోధుమరంగు చారలో పడతాయి. అవి పాచి కాదు, పంటిపొరలోనే ఉన్నవి. బూడిదతోనో ఇటుకపొడితోనో తోమితే ఉన్న పొర అరిగి జివ్వుమనడం తప్ప మచ్చ పోదు. దంతవైద్యుడు పైపొరను సన్నగా అరగదీసో పూత వేసో కనబడకుండా చేయగలడు. పిల్లలకు నీళ్లు మార్చడం, బ్రష్‌మీద బఠాణీగింజకు మించి పేస్టు పెట్టకపోవడం పెద్దల చేతిలో ఉన్న పని.

పెదవులు పగిలినప్పుడు నాలుకతో తడుపుకుంటే ఇంకా ఎండుతాయి. వెన్నపూసో పెట్రోలియం జెల్లీనో చాలు.

మడమల పగుళ్లకు నీళ్లు వృథా చేసి నానబెట్టాల్సిన అవసరం లేదు. స్నానం మధ్యలో, కాళ్లు నానినప్పుడే స్నానాలబండ గరుకు అంచుకు మడమ రుద్దడం పాతకాలపు పద్ధతి, ఇప్పటికీ దానికి మించింది లేదు. రాత్రి ఆముదమో, యూరియా కలిసిన క్రీమో రాసి పాత నూలు సాక్సు తొడిగితే రెండు వారాల్లో తేడా కనిపిస్తుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు మాత్రం రాయితో రుద్దడం, బ్లేడుతో గీయడం చేయకూడదు. వెనక పట్టీలేని హవాయి చెప్పుల్లో మడమ మెత్తకండ పక్కలకు పరుచుకుని పగులు పెద్దదవుతుంది కాబట్టి, ఎక్కువ నడిచేవాళ్లకు మడమ పట్టుకునే చెప్పులే మేలు.

కట్టు

ఈ వేడిలో బట్ట అందాన్ని నిర్ణయించేది మొదట నూలు. నూలుపోగు గాలిలోని తేమను తన బరువులో ఎనిమిదిన్నర శాతం వరకు పీల్చి ఉంచుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. అందుకే చెమట పట్టిన పాలిస్టర్ చొక్కా ఒంటికి అతుక్కుని, మధ్యాహ్నానికే వాసన వేస్తుంది. ఎంత ఖరీదైన సెంటు కొట్టినా ఆ వాసన కిందినుంచి వస్తూనే ఉంటుంది. దుకాణంలో ‘ప్యూర్ కాటన్’ అన్న మాట నమ్మలేకపోతే బట్ట అంచునుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడవచ్చు. నూలు కాగితం కాలిన వాసనతో మండి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, చివర నల్లటి గట్టిపూసలా మిగులుతుంది. నూలూ పాలిస్టరూ కలిపి నేసినదైతే మండుతుంది, పూస కూడా మిగులుతుంది.

నూలు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఆదోని పత్తి మార్కెట్టు రాష్ట్రంలో పేరున్నది. పక్కనే ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. 1954లో పద్మశ్రీ పొందిన ఆయన వల్లే ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు దేశమంతా తెలిశాయి. కోడుమూరు నేతగాళ్లు గద్వాల్ పద్ధతి చీరలు నేస్తారు: ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ సీమ ఎండకు ఇంతకంటే తెలివైన చీర ఇంకోటి లేదనవచ్చు. ఒంటికి తగిలేది నూలు, కంటికి కనిపించేది పట్టు. కొనేటప్పుడు చీరను తిరగేసి ఒళ్లూ అంచూ కలిసేచోట వేలు పెట్టి చూడాలి. నూలుపోగూ పట్టుపోగూ ఒకదాన్నొకటి మెలేసుకుని చిన్నచిన్న గుడికొప్పుల్లా పళ్లుపళ్లుగా కనిపిస్తే అది చేతితో వేసిన కోటకొమ్మ జోడింపు. గీత గీసినట్టు తిన్నగా ఉంటే ఆ పద్ధతిలో నేసింది కాదు. ఒంటిమిట్ట దగ్గరి మాధవరం చీరలు రోజువారీ ఆఫీసుకు, బడికి తేలికగా ఉంటాయి. 2006లో మొదలైన హ్యాండ్లూమ్ మార్కు చీటీ ఉంటే మగ్గంమీద నేసిందన్న హామీ.

రంగు సంగతిలో చాలామంది తెలుపు చల్లన, నలుపు వేడి అనే ఆగిపోతారు. 1980లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఎడారిలో బెడూయిన్లు నల్లటి వదులు అంగీలు ఎందుకు తొడుగుతారన్నది దాని ప్రశ్న. నలుపు ఎక్కువ వేడి పీల్చినా, బట్టకూ ఒంటికీ మధ్య గాలి ఆడడంవల్ల చర్మానికి చేరే వేడి తెల్ల అంగీలో ఎంతో నల్ల అంగీలోనూ అంతేనని తేలింది. అంటే వదులుదనం రంగుకంటే ముఖ్యం. చంక దగ్గర రెండు వేళ్లు పట్టే వదులు, మోచేతి దాకా చెయ్యి, తుంటి దిగిన కుర్తా ఇక్కడి ఎండకు సరిపోయే కొలతలు. బిగుతు లెగ్గింగులకంటే నూలు సల్వారు, జీన్సుకంటే పలచటి ప్యాంటు నయం. రవిక చంకల్లో పలచటి నూలు లైనింగు వేయిస్తే చెమట మరక పైకి రాదు.

చెమట మరక బాగా కనబడేది బూడిదరంగు, లేత నీలం, లేత గులాబీ మీద. తెలుపుమీదా, ముదురు నీలం, నలుపు, మెరూన్ లాంటి వాటిమీదా, సన్న అచ్చుపువ్వులున్న బట్టమీదా కనబడదు. నంద్యాలనుంచి బనగానపల్లెకు రోజూ బస్సులో పోయివచ్చే టీచరుకు ఈ ఒక్క లెక్క తెలిస్తే సగం ఇబ్బంది తీరుతుంది. తనదంటూ ఒక తీరు ఏర్పడాలంటే బీరువానిండా రంగులు అక్కర్లేదు. ఒంటిచాయకు నప్పే మూడు రంగులు ఎంచుకుని, వాటిలోనే నాలుగైదు జతలు ఒకదానితో ఒకటి కలిసేలా కొనుక్కుంటే పొద్దునపూట వెతుకులాట ఉండదు, దుకాణంలో మోసపోవడమూ తగ్గుతుంది. చామనఛాయకు, నలుపుకు ఆవపువ్వు పసుపు, ఇటుకరంగు, చిలకపచ్చ, వంకాయరంగు బాగా నిలుస్తాయి. పాలిపోయిన లేతరంగులు ముఖాన్ని కూడా పాలిపోయేలా చేస్తాయి. ఈ విషయంలో టీవీ యాంకర్లకంటే సంతలో కూరగాయలమ్మే అవ్వల ఎంపికే చాలాసార్లు సరైనది.

ఉతకడంలో మళ్లీ బోరునీళ్లే శత్రువు. తెల్లబట్ట నాలుగు ఉతుకుల్లో మసకబారితే సబ్బు తప్పనుకుంటారు. అక్కడా పేరుకునేది తెట్టే. బకెట్టుకు ఒక చెంచా వాషింగ్ సోడా ముందుగా కలిపి, పది నిమిషాలాగి సబ్బుపొడి వేస్తే తక్కువ పొడితోనే మురికి వదులుతుంది. ఒకప్పుడు చాకిరేవుల్లో చవుడుమట్టి వాడింది ఈ గుణం కోసమే. గంజి పలచగా పెట్టాలి. చిక్కటి గంజి నేత సందులు మూసేసి, పెళపెళలాడే చొక్కాలోపల మనిషిని ఉడికిస్తుంది. నీలిమందు రెండు మూడు చుక్కలు చాలు. రంగుబట్టలు తిరగేసి నీడన ఆరేయకపోతే ఈ ఎండ నెలరోజుల్లో రంగు తినేస్తుంది.

బొట్టు, గోరింట, బంగారం

అంటించే బొట్టుబిళ్లల జిగురులో ఉండే ఒక రసాయనం కొందరికి నుదుట తెల్లమచ్చ తెస్తుంది. రాత్రిపూట తీసేసి నుదురు కడగడం, దురద మొదలైన రోజే ఆ రకం మానేయడం తప్ప దానికి ముందుజాగ్రత్త లేదు. కుంకుమ పెట్టుకునేవాళ్లు పసుపుకు సున్నం తగిలించి చేసిన అసలు కుంకుమ వాడితే రంగుపొడి బాధ ఉండదు. కాటుక విషయంలో సుర్మా పేరుతో వచ్చే రాతిపొడిలో సీసం ఉండవచ్చు, పసిపిల్లల కళ్లకు అసలే వద్దు.

గోరింటాకులోని లాసోన్ చర్మంలోని కెరటిన్‌తో పట్టుకుని రంగు ఇస్తుంది. తీసిన వెంటనే నారింజరంగులోనే ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అరగంటలో నల్లగా పండే కోన్లలో జుట్టురంగుకు వాడే పీపీడీ కలుపుతారు. దానివల్ల చేతులు బొబ్బలెక్కి జీవితాంతం జుట్టురంగు పడకుండా పోయినవాళ్లున్నారు. ఆషాఢంలో చెట్టునుంచి కోసి రుబ్బుకున్న ఆకుకు ఈ భయం లేదు.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లకు చుట్టుపక్కల జిల్లాలనుంచీ జనం వస్తారు. కొనే నగమీద హాల్‌మార్కు గుర్తు, 22 క్యారెట్లకు 916 అంకె, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉండాలి. 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా హాల్‌మార్కు నగ అమ్మకూడదు. రోజూ పెట్టుకునే నగలు చిన్నవైతేనే ఎండకు నయం. మెడకు బిగిసిన గొలుసు కింద చెమట చేరి చెమటకాయలు లేస్తాయి. వన్‌గ్రామ్ నగలతో చెవులు కారేవాళ్లకు అది నికెల్ ఎలర్జీ. కొక్కేనికి రంగులేని నెయిల్‌పాలిష్ పూస్తే కొన్నాళ్లు ఆగుతుంది, తర్వాత మళ్లీ పూయాలి.

పెళ్లిళ్లకు తయారయ్యేటప్పుడు కొత్త క్రీము గానీ జుట్టురంగు గానీ ముందురోజు మొదలుపెట్టకూడదు. చెవివెనక చిటికెడు రాసి 48 గంటలు చూడాలి. ఫేషియల్ వారం ముందే చేయించుకుంటే ఎరుపు, గుల్లలు వచ్చినా తగ్గే వ్యవధి ఉంటుంది. గోరింటాకు రెండు రాత్రుల ముందు పెట్టుకుంటే పెళ్లినాటికి బాగా ముదురుతుంది. పెళ్లి నుంచి తిరిగొచ్చాక ధర్మవరం పట్టుచీరను అలాగే మడిచి బీరువాలో పెట్టేయకూడదు. చెమట ఆరేదాకా నీడన గాలికి ఆరవేసి, పాత నూలుగుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడతలు మార్చాలి. మార్చకపోతే జరీ నల్లబడేదీ, పట్టు చిట్లేదీ ఆ మడతగీత వెంబడే.